మూడు నిధులు ఒక గ్రంథాలయమైన విధము

గ్రంథాలయములు రెండు విధములుగా కలిసి పనిచేయవచ్చును. తమ తమ స్వాతంత్ర్యమును నిలుపుకొని యొక పనిలో మాత్రము పరస్పరము తోడ్పడుట సహకారము. వేర్వేరు సంస్థలు తమ ఆస్తిని, అధికారమును ఒక్క సంఘమున కప్పగించి యేకమగుట విలీనము. ఈ రెంటి భేదమును తెలిసికొనుటకు అమెరికా దేశమందలి న్యూయార్కు నగర చరిత్రము మంచి యుదాహరణము.

జాన్ జాకబ్ ఆస్టరు అను తోళ్ల వర్తకుడు 1848లో మరణించుచు గ్రంథాలయమునకై 4,00,000 డాలర్లు వ్రాసియిచ్చెను. అది 1854లో తెరువబడెను. అచ్చటికి పోయి చదువుకొనవచ్చునుగాని, పుస్తకమును ఇంటికి గొనిపోవ వీలులేదు. జేమ్సు లెనాక్సు అను మరియొక ధనికుడు 1870లో తన గ్రంథాలయమును స్థాపించెను. అమెరికాకు మొట్టమొదట వచ్చిన గూటెన్‌బర్గు బైబిలు ఆయన సంపాదించినదే. అందు అపురూప గ్రంథములు గలవుగాని, సామాన్య పాఠకునకు ప్రవేశము దుర్లభము. 19వ శతాబ్దాంతమునకు ఈ రెండు సంస్థలకును ధనము చాలకుండెను.

శామ్యూల్ టిల్డెను అను రాజకీయవేత్త 1886లో మరణించుచు, నగరమున ఉచిత గ్రంథాలయమును నెలకొల్పుటకై ధనమును విడిచెను. బంధువులు ఆ మరణశాసనమును ఎదిరించి న్యాయస్థానము నాశ్రయించిరి. తుదకు ఉద్దేశించిన దానిలో కొంత భాగమే మిగిలెను. ఇట్లు ఇరువురికి పుస్తకములు గలవు, ధనము చాలదు. మూడవవారికి ధనము గలదు, గ్రంథాలయము లేదు.

1895 మే 23న ఈ మూడును ఏకమయ్యెను. ఒడంబడికతో పని ముగియలేదు. తొలి డైరెక్టరగు జాన్ షా బిల్లింగ్సు రెండు గ్రంథాలయముల పుస్తకములకును ఒక్కటే వర్గీకరణము నేర్పరచెను. ఏలయన, పట్టికలు వేరుగా నున్నంతకాలము పాఠకునకు అవి రెండు గ్రంథాలయములే.

అయినను ఒక లోపము మిగిలెను. పగలంతయు పాటుపడి రాత్రి ఇంట చదువుకొనగోరువానికి పుస్తక మెక్కడ? 1901లో, ఇండ్లకు పుస్తకములిచ్చుచుండిన ఫ్రీ సర్క్యులేటింగ్ లైబ్రరీ వచ్చి చేరగా ఆ కొరత తీరనారంభించెను. ఆ యేడే ఆండ్రూ కార్నెగీ శాఖాభవనములకు 52 లక్షల డాలర్లిచ్చెను. స్థలమును, నిర్వహణవ్యయమును నగరము భరింపవలెనని నియమము. 1911లో నగరము కట్టించిన ప్రధాన భవనము పది లక్షలకు మించిన పుస్తకములతో తెరువబడెను.

విలీనమువలన దాతల పేళ్లు నశించునని కొందరు భయపడుదురు. ఈ సంస్థ తన పూర్తి నామమునందు ఆస్టరు, లెనాక్సు, టిల్డెను అను మూడు పేళ్లను నేటికిని నిలుపుకొనియున్నది.

అన్నిటికిని విలీనమే మార్గము కాదు. అదే నగరమున బ్రూక్లిను, క్వీన్సు గ్రంథాలయములు నేటికిని వేరుగానే యున్నవి. తరచుగా చదువబడని పుస్తకములను భద్రపరచుటకై న్యూయార్కు గ్రంథాలయము 2000లో కొలంబియా, ప్రిన్సుటన్ విశ్వవిద్యాలయములతో కలిసి ఉమ్మడి భాండారమునకు సంస్థ నేర్పరచెను. 2019లో హార్వర్డు విశ్వవిద్యాలయమును అందు చేరెను. ఎవరి పేరు, ఎవరి పాలన వారిదే. ఒకరి పుస్తకము మరియొకరి పాఠకునకు అందును. ఇది సహకారము.

కావున విద్యార్థులారా, రెండు సంస్థలు కలియుచున్నవని వినినప్పుడు మూడు ప్రశ్నలు వేయుడు. ఒకరి కొరతను మరియొకరు తీర్చుచున్నారా? దాతల యుద్దేశము నిలుచుచున్నదా? నిన్న పుస్తకము దొరకని పాఠకునకు నేడు దొరకుచున్నదా? ఈ మూడవ ప్రశ్నకు లేదని ప్రత్యుత్తరమైనచో, ఆ కలయిక పుస్తకములను ఒక గదినుండి మరియొక గదికి మార్చుట మాత్రమే.