ఐటీ ఉద్యోగం – రాష్ట్ర చట్టం: మన పిల్లలకు చెప్పవలసిన పాఠం



ఏటా వార్షిక సభలో మనం ఒక లెక్క చదువుతాం. ఎంతమంది పిల్లలకు ఫీజులు కట్టాం, వారిలో ఎంతమంది హైటెక్ సిటీలో ఉద్యోగాల్లో చేరారు అన్నది ఆ లెక్క. వినగానే మనసు నిండుతుంది. కానీ లెక్క అక్కడితో ఆగిపోతుంది. చేరిన తర్వాత ఆ అమ్మాయి, ఆ అబ్బాయి ఏ చట్టం నీడలో పనిచేస్తున్నారు? రేపు ఉద్యోగం పోతే వారికి దక్కేదేమిటి? ఈ ప్రశ్నలు మనం అడగడం లేదు, పిల్లలకూ తెలియడం లేదు. ఉపాధ్యాయులుగా మేము ఈ విషయాన్ని పాఠంలా విడమరిచి చెప్పే ప్రయత్నం ఇది.

దుకాణాల చట్టమే ఆఫీసుల చట్టం

1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అప్పటి మాదాపూర్ రాళ్లగుట్టలు నేడు లక్షలమందికి అన్నం పెడుతున్నాయి. ప్రభుత్వ లెక్కల ప్రకారం తెలంగాణ ఐటీ ఎగుమతులు 2013–14లో రూ. 57,258 కోట్లు, ఉద్యోగులు 3,23,396 మంది. 2022–23 నాటికి ఎగుమతులు రూ. 2,41,275 కోట్లకు, ఉద్యోగులు 9,05,715 మందికి చేరారు.

ఇంతమందికి వర్తించే రాష్ట్ర చట్టం ఏది అని అడిగితే చాలామంది పిల్లలు ‘కంపెనీ రూల్స్’ అంటారు. నిజానికి అది 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం. ఉమ్మడి రాష్ట్రంలో చేసిన ఈ చట్టాన్ని తెలంగాణ తనదిగా స్వీకరించింది. పత్తర్‌గట్టీ బట్టల దుకాణంలో గుమాస్తాకూ, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకూ మూలచట్టం ఒకటే. పని గంటలు, సెలవులు, తొలగింపు నియమాలు అన్నీ అందులోనే ఉన్నాయి.

మినహాయింపు అంటే ఏమిటి?

అయితే ఐటీ, ఐటీ ఆధారిత సంస్థలకు ప్రభుత్వం ఈ చట్టంలోని కొన్ని సెక్షన్ల నుంచి మినహాయింపు ఇచ్చింది. గడువు తీరినప్పుడల్లా దాన్ని పొడిగిస్తూ వస్తోంది. ఆ సెక్షన్లు ఇవి: తెరిచే, మూసే వేళలకు సంబంధించిన 15, పని గంటలకు సంబంధించిన 16, చిన్న వయసువారి పని వేళల గురించి 21, మహిళల రాత్రి పని గురించి 23, సెలవుల గురించి 31, ఉద్యోగం నుంచి తొలగించే షరతుల గురించి 47లోని మొదటి నాలుగు ఉపసెక్షన్లు.

దీనికి కారణం లేకపోలేదు. అమెరికాలో పగలైతే మనకు రాత్రి. అక్కడి ఖాతాదారులకు పని చేసిపెట్టే ఆఫీసు రాత్రి తొమ్మిదికి తాళం వేస్తే పని బెంగళూరుకో మనీలాకో పోతుంది. ఆ సడలింపు వల్ల కూడా మన పిల్లలకు ఉద్యోగాలు వచ్చాయి. కాబట్టి ప్రభుత్వాన్ని నిందించడం మా ఉద్దేశం కాదు.

మినహాయింపు ఊరికే ఇచ్చింది కాదు, షరతులతో ఇచ్చింది. వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ వేతనం ఇవ్వాలి. వారపు సెలవు ఇవ్వాలి. ప్రకటిత సెలవు రోజున పని చేయించుకుంటే వేతనంతో కూడిన బదులు సెలవు ఇవ్వాలి. రాత్రి షిఫ్టు మహిళలకు భద్రత, రవాణా కల్పించాలి. షరతులు పాటించకపోతే మినహాయింపును రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. ఏది పోయిందో తెలిసినవారు కూడా ఏది మిగిలిందో తెలుసుకోవడం లేదు.

ఒక లెక్క వేసి చూద్దాం

47వ సెక్షన్ ఏమంటుంది? ఆరు నెలలు పైబడి పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా తీసివేయాలంటే నెల ముందు నోటీసు, లేదా నెల జీతం ఇవ్వాలి. అర్హులైనవారికి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం కూడా ఇవ్వాలి.

నెలకు రూ. 60,000 వేతనంతో ఐదేళ్లు పనిచేసిన అమ్మాయిని ఉదాహరణగా తీసుకుందాం. ఐదేళ్లకు 75 రోజుల వేతనం, అంటే రోజుకు రూ. 2,000 చొప్పున లక్షా యాభై వేలు. నోటీసు కాలం జీతం రూ. 60,000. రెండూ కలిపితే రూ. 2,10,000. మినహాయింపు వల్ల ఈ మొత్తాన్ని రాష్ట్ర చట్టం కింద ఆమె హక్కుగా అడగలేదు. తండ్రి ఆటో నడిపే ఇంట్లో ఆ డబ్బు ఇంటి అద్దె, తమ్ముడి ఫీజు, చెల్లి పెళ్లికి చేసిన అప్పు. మనం ఇచ్చిన స్కాలర్‌షిప్ నిలబెట్టిన ఇల్లు ఒక్క ఈ-మెయిల్‌తో మళ్లీ మొదటికి రావచ్చు.

అలాగని ఆమె చేతిలో ఏమీ లేదని కాదు. మొదటిది, నియామక పత్రం. నోటీసు కాలం, పరిహారం అందులో రాసి ఉంటే అది ఆమె హక్కే. రెండోది, గ్రాట్యుటీ. అది కేంద్ర చట్టం కిందిది, ఈ మినహాయింపు దాన్ని తాకదు. మూడోది, పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్న తొలగింపు రక్షణ. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలోకి అది చేరింది. అయితే ప్రధానంగా మేనేజర్ పని చేసేవారికి, నెలకు రూ. 18,000 పైబడిన వేతనంతో సూపర్‌వైజర్ పని చేసేవారికి అది వర్తించదు. ఇక్కడ విజిటింగ్ కార్డు మీది హోదా కంటే రోజూ చేసే పనే ముఖ్యం. ‘టీమ్ లీడ్’ అని పేరు పెట్టి పగలంతా కోడ్ రాయించినా పని స్వభావాన్నే చూస్తారు. అందుకే ఏ పని చేశామో తెలిపే ఈ-మెయిళ్లు, కాగితాలు దాచుకోవాలి.

పని గంటలు, జుమా, రంజాన్

2025 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం మరో ఉత్తర్వు ఇచ్చింది. దుకాణాలు మినహా వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల వరకు పని చేయించుకోవచ్చు, కానీ వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలి. అదీ మూడు నెలల్లో 144 గంటలకు మించకూడదు. ఐటీ మినహాయింపు షరతులోనూ, ఈ ఉత్తర్వులోనూ గుర్తు పెట్టుకోవలసిన సంఖ్య ఒకటే: 48. లాగిన్, లాగౌట్ వేళలను పిల్లలు ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటే చాలు, అడిగేటప్పుడు ఆధారం ఉంటుంది.

2025 రంజాన్ నెలలో ముస్లిం ప్రభుత్వోద్యోగులు, ఉపాధ్యాయులు సాయంత్రం 4 గంటలకే వెళ్లేందుకు రాష్ట్ర ప్రభుత్వం అనుమతించింది. ప్రైవేటు కంపెనీకి ఆ సర్క్యులర్ వర్తించదు. అందుకని జుమా నమాజుకు వేళ, ఇఫ్తార్‌కు విరామం, సెలవుల జాబితాలో ఈద్ ఉన్నదా లేదా అన్నవి చేరిన నెలలోనే మర్యాదగా, రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం మేలు.

ఆడపిల్లల రాత్రి షిఫ్టు

‘రాత్రి డ్యూటీ అంటున్నారు, పంపాలా వద్దా’ అని తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతుంటారు. 2013లో మాదాపూర్ ప్రాంతంలో ఒక ఐటీ ఉద్యోగినిపై జరిగిన ఘోరం ఎవరూ మరిచిపోలేదు. ఆ మరుసటి ఏడాది అక్టోబర్‌లో షీ టీమ్స్ వచ్చాయి. భయపడి ఉద్యోగం మాన్పించడం కంటే మూడు ప్రశ్నలు అడగడం మంచిది. ఇంటి దగ్గర నుంచి ఇంటి వరకు వాహనం ఉందా? డ్రైవర్ పూర్వాపరాలు పరిశీలించారా? లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీలో ఎవరెవరున్నారు? పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా ఆ కమిటీ ఉండాలని 2013 కేంద్ర చట్టం చెబుతోంది. సాధారణంగా మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి.

సంతకానికి ముందు

ఇచ్చిపుచ్చుకునే విషయాలను రాసి పెట్టుకోవాలని, ఒప్పందాలను నెరవేర్చాలని దివ్య ఖుర్ఆన్ మనకు బోధిస్తుంది. పనివాడి చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్నది దైవప్రవక్త (స) ఉపదేశం. ఈ రెండు బోధలూ ఉద్యోగ ఒప్పందానికి సరిపోతాయి. రాసుకున్నది చదవాలి, చదివినదాన్ని నిలబెట్టుకోవాలి.

బాండు ఉత్త కాగితమే అని కొందరు పిల్లలకు చెబుతున్నారు. అది తప్పు. మూడేళ్లు పూర్తికాకముందే మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. అందుకే సంతకం చేసేముందే ఎన్నేళ్లు, ఎంత డబ్బు అని చూడాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతిలోనూ పెట్టకూడదు. ఉద్యోగం ఇప్పిస్తామని లక్షలు తీసుకుని రాత్రికి రాత్రే బోర్డు తిప్పేసిన కన్సల్టెన్సీలపై సైబరాబాద్ పోలీసులు కేసులు పెట్టిన సందర్భాలు ఉన్నాయి. డబ్బు అడిగే ఉద్యోగం ఉద్యోగం కాదు.

ఆఫీసు లోపలివారే కాదు, ఆ ఆఫీసులకు క్యాబ్ నడిపే, భోజనం చేర్చే మన యువకులూ ఎందరో ఉన్నారు. వారికోసం 2023లో రాజస్థాన్ దేశంలో తొలిసారి ప్రత్యేక చట్టం చేసింది. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో గిగ్ కార్మికుల బిల్లు ముసాయిదాను ప్రకటించింది. వారిలో చదువు తక్కువైనవారికి దరఖాస్తులు నింపిపెట్టడం కూడా సేవే.

దాతలకు మా మనవి

మనం చేయగలిగినవి మూడు ఉన్నాయని మాకు తోస్తుంది.

ఒకటి: స్కాలర్‌షిప్ పొందే ప్రతి విద్యార్థికి చివరి సంవత్సరంలో ఉద్యోగ చట్టాలపై రెండు గంటల పాఠం, తెలుగులోనూ ఉర్దూలోనూ. దీనికి పెద్ద ఖర్చు లేదు, చెప్పడానికి మేమున్నాం.

రెండు: నెలకొక ఆదివారం ఒక న్యాయవాది గానీ, కార్మిక శాఖలో పనిచేసి రిటైరైన అధికారి గానీ సొసైటీ ఆఫీసులో కూర్చోవాలి. పిల్లలు సంతకానికి ముందు నియామక పత్రం తెచ్చి చదివించుకోవాలి.

మూడు: ఉద్యోగం పోయినవారికి మూడు నెలలు ఇల్లు గడిచేలా ఖర్జె హసనా నిధి. వడ్డీ లేని అప్పు తీసుకున్నవారు మళ్లీ ఉద్యోగం దొరికాక తీర్చేస్తారు, ఆ డబ్బు మరొకరికి పనికొస్తుంది.

ఎంతమంది చేరారన్న లెక్క పక్కన ఐదేళ్ల తర్వాత ఎంతమంది తమ కాళ్లమీద నిలబడి ఉన్నారన్న లెక్క కూడా వచ్చే ఏడాది సంచికలో అచ్చు వేద్దాం. మీ సదఖా ఆ రెండో లెక్కకూ చేరాలని మా దుఆ. ఇన్షా అల్లాహ్, చేరుతుంది.