పెట్రోలు ముల్లు ఎందుకు అబద్ధం చెబుతుంది?

పిల్లలూ! ముల్లు పావు ట్యాంకు చూపుతోంది. వ్యాను మాత్రం నడిరోడ్డు మీద ఆగిపోయింది. చూస్తే ట్యాంకులో చుక్క పెట్రోలు లేదు! పాత బళ్ళు నడిపేవారికి ఇది తెలిసిన కష్టమే. తప్పు ఎక్కడుందో మనం కనిపెట్టగలమా?

జర్మనీలో 1950లో తయారీ మొదలైన ఫోక్స్‌వ్యాగన్ వ్యానునే తీసుకుందాం. తొలినాళ్ళలో దానికి పెట్రోలు మీటరే లేదు. ఇంజను తడబడగానే డ్రైవరు ఒక మీట తిప్పేవాడు. ట్యాంకు అడుగున మిగిలిన కొద్ది పెట్రోలు అప్పుడు ఇంజనుకు అందేది. విద్యుత్ మీటరు 1960ల్లో వచ్చింది.

1968 తరువాతి వ్యాను ట్యాంకులో, గాలానికి కట్టే బెండులాంటిది ఒకటి తేలుతూ ఉంటుంది. పెట్రోలుతోపాటు అదీ దిగుతుంది. దానికి అమర్చిన కడ్డీ నిరోధక తీగ మీద జరుగుతుంది. ట్యాంకు నిండితే నిరోధం సుమారు 10 ఓములు. ఖాళీ అయితే సుమారు 73 ఓములు. ఓమ్ నియమం గుర్తుందా? వోల్టేజి మారకుండా నిరోధం పెరిగితే విద్యుత్ ప్రవాహం తగ్గుతుంది. ఈ ప్రవాహం మీటరులోని ద్విలోహ పట్టీని వేడిచేస్తుంది. పట్టీ వంగి ముల్లును తిప్పుతుంది.

అంటే ముల్లు కొలిచేది పెట్రోలును కాదు, విద్యుత్ ప్రవాహాన్ని! ఇక తప్పు ఎక్కడెక్కడ జరగవచ్చో చూద్దాం.

1. బెండుకు చిల్లి పడితే లోపలికి పెట్రోలు చేరి మునుగుతుంది. నిండు ట్యాంకు కూడా ఖాళీగా కనిపిస్తుంది. కడ్డీ మధ్యలో బిగుసుకుపోతే ముల్లు ఒకేచోట నిలిచిపోతుంది.

2. తీగ చట్రాన్ని తాకేచోట తుప్పు పడితే అదనపు నిరోధం చేరుతుంది. ముల్లు ఉన్నదానికంటే తక్కువ చూపుతుంది. తుప్పు గీకి బిగిస్తే చాలు.

3. బ్యాటరీ వోల్టేజి హెచ్చుతగ్గులు మీటరుకు తగలకుండా ఒక చిన్న స్థిరీకరణి కాపాడుతుంది. అది చెడి పూర్తి వోల్టేజిని వదిలితే ముల్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపుతుంది. నడిరోడ్డు మీద నిలబెట్టేది ఇదే!

తెలిసిన మెకానిక్ వెంటనే కొత్త మీటరు కొనమనడు. ముందు బ్యాటరీ తీగ విప్పుతాడు. తరువాత ట్యాంకులోని భాగం నిరోధాన్ని ఓమ్ మీటరుతో కొలుస్తాడు. జాగ్రత్త! పెట్రోలు ఆవిరి అంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. ఈ పని మీరు చేయకూడదు.

మీరు చేయదగినది ఇది: ఒక పెన్సిలును నిలువుగా చీల్చి లోపలి ముల్లు బయటపెట్టండి. రెండు టార్చి సెల్లులు, ఒక టార్చి బల్బు, ఈ పెన్సిలు ముల్లు వరుసగా కలపండి. ఒక తీగ కొనను పెన్సిలు ముల్లు మీద అటూ ఇటూ జరపండి. దూరం తగ్గేకొద్దీ బల్బు కాంతి పెరుగుతుంది. ట్యాంకులో కడ్డీ చేసే పని ఇదే.

ఇప్పుడు చెప్పండి. మొదట ఆగిపోయిన వ్యాను ట్యాంకు దగ్గర మెకానిక్ కొలిస్తే 73 ఓములు వచ్చింది. ట్యాంకులోని భాగం నిజమే చెబుతోంది కదా! మరి పైవాటిలో దోషి ఎవరు?