ట్రకియాస్టమీ: పడక దగ్గరా, ఆపరేషన్ థియేటర్‌లోనా?

తలకు గాయమైనవారు, పురుగుమందు తాగినవారు, గులియన్ బారేతో చచ్చుబడినవారు వెంటిలేటర్ మీద రోజుల తరబడి ఉంటే, నోట్లోని గొట్టం తీసి మెడ దగ్గర గొట్టం పెడదామా అన్న మాట వస్తుంది. ఐసీయూలో కొత్తగా చేరిన డాక్టరుకు ఆ వెంటనే ఎదురయ్యే ప్రశ్న: పెర్క్యుటేనియస్సా, సర్జికలా?

సర్జికల్ పద్ధతిలో చర్మం కోసి, కండరాలను పక్కకు జరిపి, శ్వాసనాళాన్ని కళ్లారా చూస్తూ తెరుస్తారు. పెర్క్యుటేనియస్‌లో సూది గుచ్చి, దాని గుండా తీగ పంపి, ఆ తీగ మీదుగా దారిని వెడల్పు చేసి గొట్టం దించుతారు. 1985లో సియాగ్లియా అనే అమెరికన్ సర్జన్ దీన్ని ప్రకటించినప్పుడు వాడినవి కిడ్నీకి గొట్టం వేసే డైలేటర్లే. రెండింటినీ పోల్చిన అధ్యయనాల్లో మరణాల విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. గాయం దగ్గర ఇన్ఫెక్షన్ మాత్రం పెర్క్యుటేనియస్‌లో తక్కువ. అందుకే ఏది గొప్పదన్న వాదన పక్కన పెట్టి, ఈ రోగికి, ఈ రాత్రి, ఈ ఆసుపత్రిలో ఏది కుదురుతుందో చూడాలి.

అంతకంటే ముందు, ఇప్పుడే అవసరమా అని ఆలోచించండి. బ్రిటన్‌లో జరిగిన ట్రాక్‌మాన్ అధ్యయనం 2013లో వెలువడింది. నాలుగు రోజుల్లోపే చేసినవారికీ, పది రోజుల దాకా ఆగినవారికీ నెల రోజుల మరణాల్లో తేడా లేదు. ఆగినవారిలో చివరికి ట్రకియాస్టమీ జరిగింది సగం కంటే తక్కువ మందికే. తొందరపడకపోతే కొందరికి ఆ రంధ్రమే తప్పుతుంది.

అవసరమే అనుకున్నాక ముందుగా మెడ మీద చేయి పెట్టండి. వెన్నెముకకు గాయం లేదని తేలితేనే భుజాల కింద గుడ్డ చుట్ట పెట్టి మెడ వెనక్కి వంచాలి. కంఠమణి కింద క్రికాయిడ్, దాని కింద శ్వాసనాళపు ఉంగరాలు వేలికి తగలాలి. గొట్టం సాధారణంగా రెండు, మూడు ఉంగరాల మధ్య వెళ్తుంది. మరీ పైకి పెడితే తర్వాత నాళం ఇరుకవుతుంది, మరీ కిందకి పెడితే పెద్ద రక్తనాళం ఒరుసుకునే ప్రమాదం. వేలికి ఏమీ తెలియకపోతే అల్ట్రాసౌండ్ పెట్టండి. దారికి అడ్డంగా సిర ఉందా, థైరాయిడ్ ఉందా, చర్మం నుంచి నాళం ఎంత లోతో అందులో తెలుస్తుంది. పెద్ద గాయిటర్, పాత ఆపరేషన్ మచ్చ, సూది గుచ్చే చోట ఇన్ఫెక్షన్, వెనక్కి వంచకూడని మెడ: వీటిలో ఏది కనిపించినా ఈఎన్‌టీ సర్జన్‌ను పిలవడమే మేలు. చిన్నపిల్లలకైతే సర్జికలే. నోటి ద్వారా గొట్టం వేయలేక, ఊపిరాడక నీలం తిరుగుతున్న పెద్దవారికి ఈ రెండూ పనికిరావు, క్రికోథైరాయిడోటమీ చేయాలి.

తర్వాత ఊపిరితిత్తులు, రక్తం చూడాలి. పీప్ పది దాటి, ఆక్సిజన్ 60 శాతం పైన నడుస్తుంటే ఏ పద్ధతికైనా ఆగగలిగితే ఆగండి. ప్లేట్‌లెట్లు 50 వేల లోపున్నా, ఐఎన్‌ఆర్ 1.5 దాటినా ముందు సరిచేయాలి. సరికాకపోతే రక్తస్రావాన్ని చూసి కాల్చి ఆపగలిగే సర్జికల్ నయం. చేయి తిరిగినవారు ఇలాంటి రోగులకూ పెర్క్యుటేనియస్ చేస్తారు, బిగుతైన రంధ్రమే రక్తాన్ని అదిమిపెడుతుందంటారు. అందులో నిజముంది, కానీ నేర్చుకునే దశలో ఉన్నవారు ఆ ధైర్యం అరువు తెచ్చుకోవద్దు.

గదిలో ఎవరున్నారో చూసుకోండి. పెర్క్యుటేనియస్‌కు ఒకరు మెడ దగ్గర, మరొకరు తల దగ్గర నోటి గొట్టాన్ని చూసుకుంటూ ఉండాలి. బ్రాంకోస్కోప్ ఉంటే సూది మధ్యలోనే దిగిందా, వెనక గోడకు తగిలిందా అన్నది కనబడుతుంది. అయితే స్కోప్ లోపల ఉన్నంతసేపూ గాలి తగ్గి కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. మెదడు వాచిన రోగికి అది మంచిది కాదు. మరోవైపు అలాంటి రోగిని వెంటిలేటర్‌తో సహా థియేటర్‌కు తరలించడమూ చిన్న పని కాదు. ఇంట్లోవాళ్లకు కిట్ ఖరీదూ, థియేటర్ ఖర్చూ రెండూ ముందే చెప్పండి.

చాలామంది లెక్కలోకి తీసుకోనిది తర్వాతి వారం. పెర్క్యుటేనియస్ దారి గట్టిపడటానికి వారం, పది రోజులు పడుతుంది. ఈలోగా దగ్గులోనో, పక్క మార్చేటప్పుడో గొట్టం ఊడితే రంధ్రం మూసుకుపోతుంది. గుడ్డిగా తిరిగి దూర్చితే గొట్టం చర్మం కింద తప్పుదారిన పోతుంది. రంధ్రాన్ని మూసి పైనుంచి మాస్క్‌తో ఆక్సిజన్ ఇచ్చి, నోటి ద్వారా మళ్లీ గొట్టం వేయాలి. సర్జికల్‌లో సర్జన్ నాళానికి దారాలు వేసి బయటికి వదిలితే వాటిని లాగి దారి తెరవవచ్చు. రోగి రెండు మూడు రోజుల్లో, రాత్రి పూట ఇంట్యుబేట్ చేయగలవారు లేని వార్డుకో చిన్న ఆసుపత్రికో వెళ్లబోతుంటే నేను సర్జికల్ వైపే మొగ్గుతాను. మెడ ఎంత సులువుగా కనిపించినా సరే.

"మాట పోతుందా, ఇది ఎప్పటికీ ఉంటుందా?" అని అటెండర్లు అడుగుతారు. స్వరపేటిక జోలికి వెళ్లడం లేదనీ, కోలుకుంటే చాలామందికి గొట్టం తీసేస్తారనీ చెప్పి, సంతకం ఆ తర్వాత తీసుకోండి. పని అయ్యాక క్యాప్నోగ్రాఫ్ గీత చూసి గొట్టం నాళంలోనే ఉందని నిర్ధారించుకోండి. కేస్‌షీట్‌లో, మంచం తల దగ్గర అట్ట మీద నాలుగు విషయాలు రాసి పెట్టండి: ఏ పద్ధతి, ఏ తేదీ, గొట్టం సైజు, నోటి దారి తెరిచి ఉందా లేదా. రాత్రి రెండింటికి గొట్టం ఊడినప్పుడు డ్యూటీలో ఉండేది మీరు కాకపోవచ్చు.