మింటినుండి ఇంటికి

పటాన్‌చెరునుండి సంగారెడ్డికి పోవు మార్గమున కర్మాగారములకు చేరువగా కార్మికుల నివాసములు అనేకము కలవు. వాని కప్పులను చూడుడు. రేకుల గదిపైనను, మేడపైనను చిన్న డిష్ కనబడును. ఇండ్లు వేరైనను డిష్‌లు దాదాపు అన్నియు దక్షిణమునకో, ఆగ్నేయమునకో తిరిగియుండును. దీనికి కారణమేమి?

భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ప్రసార ఉపగ్రహములు కలవు. అవి భూమితో సమానముగా తిరుగుటచే మనకు నిలిచియున్నట్లు తోచును. భూమధ్యరేఖ మనకు దక్షిణమున నున్నది గదా! కావుననే డిష్‌లు ఆ వైపు చూచుచుండును. దూరదర్శన్ ఉచిత ప్రసారములను పంపు జీశాట్-15 సంగారెడ్డివారికి ఆగ్నేయ దిక్కున, క్షితిజమునకు సుమారు 63 డిగ్రీల ఎత్తున నుండును.

1975 ఆగస్టు 1వ తేదీన మన దేశమున ఉపగ్రహ బోధనా ప్రయోగము మొదలై ఒక సంవత్సరము సాగినది. ఆంధ్రప్రదేశ్, బీహారు, ఒరిస్సా మున్నగు ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములు ప్రసారములను నేరుగా అందుకొనెను. అందుకు మూడు మీటర్ల వెడల్పుగల తీగవల డిష్ కావలసి వచ్చెను. ఊరికంతటికి ఒక్కటే టీవీ! నేడు బీహారు, ఒడిశాలనుండి పటాన్‌చెరుకు పనికి వచ్చినవారు సైతము మీటరైనను లేని డిష్‌తో తమ గదిలోనే తమ భాష వినుచున్నారు.

ఇందుకు కావలసిన పరికరములు కొలదియే. డిష్ బలహీనమైన తరంగములను ఒకచోటికి చేర్చును. దాని ముందున్న ఎల్.ఎన్.బి. వానిని బలపరచి, కేబుల్‌లో పోగల తక్కువ పౌనఃపున్యమునకు మార్చును. కేబుల్ వానిని ఇంటిలోనికి తెచ్చును. సెట్-టాప్ బాక్స్ అంకెల రూపమున వచ్చిన సంకేతమును బొమ్మగా, ధ్వనిగా మార్చి టీవీకి ఇచ్చును. కేబుల్ ఆపరేటరు ద్వారా చూచువారికి డిష్ అక్కరలేదు; బాక్స్ మాత్రము కావలెను.

పూర్వపు ప్రసారములలో సంకేతము తగ్గినచో తెరపై చుక్కలు పడెడివి. అయినను బొమ్మ కనబడెడిది. డిజిటల్ ప్రసారమట్లు కాదు. సంకేతము చాలినంత కాలము బొమ్మ స్వచ్ఛముగా నుండును; చాలనప్పుడు ముక్కలై, పిదప పూర్తిగా ఆగిపోవును. గాలికి డిష్ కొంచెము కదలినను, జడివాన కురిసినను ఇట్లగును. ఇది తెలియని గృహస్థు బాక్స్ చెడినదని తలచి, కష్టార్జితమైన కూలిని క్రొత్తదానికి వెచ్చించును. తెలిసినవాడు వాన వెలియువరకు ఆగును. పిదప తీగల బిగింపును, డిష్ దిశను, ఎదుట లేచిన గోడను వరుసగా పరీక్షించును. అయితే విద్యుత్తు తీగల చెంత కప్పు నెక్కరాదు. ఆ పని నేర్చినవారికి వదలవలెను.

పరికరమును కొనుటకు ధనము చాలును. దానిని నిలుపుకొనుటకు మాత్రము ఏ భాగము ఏ పని చేయునో తెలియవలెను.