పాఠం 18: మురుగు మడ్డి నుండి ఇంధనం, ఎరువు

18.1 పరిచయం

మురుగు నీటిని శుద్ధి చేసే దశలను గురించి గత పాఠంలో చదువుకున్నారు. శుద్ధి అయిన నీరు కాలువలో కలుస్తుంది. మరి నీటి నుండి వేరు చేసిన మలినం ఏమవుతుంది? తొట్టి అడుగున పేరుకొనే ఈ చిక్కని పదార్థమే మడ్డి. శుద్ధి కేంద్రాల్లో పనిచేసేవారు దీనిని స్లడ్జి అంటారు. ఆరుబయట పారబోస్తే ఇది దుర్వాసనకు, ఈగలకు, రోగాలకు కారణమవుతుంది. పద్ధతి ప్రకారం వాడుకుంటే ఇంధనాన్నీ, ఎరువునూ ఇస్తుంది.

18.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• మడ్డి నుండి గ్యాసు తయారయ్యే విధానాన్ని వివరించగలుగుతారు;
• మడ్డి ఎరువును వాడే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలను చెప్పగలుగుతారు;
• మురుగు గ్యాసు వల్ల కలిగే ప్రాణాపాయాన్ని గుర్తించగలుగుతారు.

18.3 గ్యాసు ఎలా తయారవుతుంది?

పల్లెల్లో గోబర్ గ్యాసు ప్లాంటును మీరు చూసే ఉంటారు. ఇక్కడ జరిగేది కూడా అదే. మడ్డిని గాలి చొరబడని పెద్ద తొట్టిలో నింపుతారు. ఆక్సిజన్ లేనిచోట బతికే సూక్ష్మజీవులు అందులోని సేంద్రియ పదార్థాన్ని కుళ్లబెడతాయి. సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వేడి వద్ద ఈ పని 20 నుండి 30 రోజులు పడుతుంది. వెలువడే గ్యాసులో మీథేను సుమారు 60 నుండి 65 శాతం ఉంటుంది. మిగిలినది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్. కొద్దిపాళ్లలో హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా ఉంటుంది.

ఒక ఘనపు మీటరు గ్యాసును జనరేటరులో మండిస్తే సుమారు 2 యూనిట్ల విద్యుత్తు వస్తుంది. ఒక సీలింగు ఫ్యాను పగలూ రాత్రీ తిరగడానికి అది సరిపోతుంది. శుద్ధి కేంద్రాలు ఈ విద్యుత్తుతో తమ పంపులనే నడుపుకొంటాయి. ఇంజను వేడితో తొట్టిని వెచ్చగా ఉంచుతాయి.

ఇది కొత్త ఆలోచన కాదు. ఢిల్లీలో ఓఖ్లా శుద్ధి కేంద్రం 1937లో మొదలైంది. అక్కడి గ్యాసును ఒకప్పుడు చుట్టుపక్కల కాలనీలకు వంట కోసం గొట్టాల ద్వారా అందించారు.

18.4 పోయేది ఏమిటి? మిగిలేది ఏమిటి?

గ్యాసు రూపంలో బయటికి పోయేది ముఖ్యంగా కర్బనం. పైరుకు కావలసిన నత్రజని, భాస్వరం తొట్టిలోనే ఉంటాయి. మడ్డి నుండి నీరు తీసేటప్పుడు నత్రజని కొంత ఆ నీటితో పోతుంది. భాస్వరం చాలావరకు మడ్డిలోనే నిలుస్తుంది. మన దేశం రాక్ ఫాస్ఫేట్‌ను ఎక్కువగా విదేశాల నుండి కొంటున్నది. కనుక మడ్డిలోని భాస్వరం విలువైనది.

పాఠ్యగత ప్రశ్నలు 18.1
1. తొట్టిలోకి గాలి ఎందుకు చొరబడకూడదు?
2. గ్యాసు తీసిన తర్వాత కూడా మడ్డి ఎరువుగా ఎందుకు పనికివస్తుంది?

18.5 పొలానికి వేసే ముందు

గ్యాసు తీసినంత మాత్రాన మడ్డి నిరపాయం కాదు. 35 డిగ్రీల వేడికి ఏలికపాముల గుడ్లు చావవు. గడ్డీ ఆకులతో కలిపి కంపోస్టు చేసి, కుప్ప మొత్తానికి 55 డిగ్రీలకు పైగా వేడి కొన్ని రోజుల పాటు అందేలా తిరగవేయాలి. పచ్చిగా తినే కూరగాయలకు ఈ ఎరువు వాడకపోవడం మంచిది.

రెండవ సమస్య ఇంకా కష్టమైనది. ఫ్యాక్టరీల మురుగు కలిస్తే సీసం, కాడ్మియం, క్రోమియం వంటి లోహాలు మడ్డిలో చేరతాయి. వేడి చేసినా, కుళ్లబెట్టినా అవి పోవు. వాటిని కాలువలో కలవకుండా ఫ్యాక్టరీ వద్దనే ఆపాలి. పరీక్ష చేయించని మడ్డిని రైతు తీసుకోకూడదు.

18.6 ప్రాణాపాయం – తప్పక చదవండి

తొట్టిలో మనకు మేలు చేసే గ్యాసే మ్యాన్‌హోలులోనూ, సెప్టిక్ ట్యాంకులోనూ పుడుతుంది. అక్కడ అది మనిషిని చంపుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు వాసన పసిగట్టలేదు. కాబట్టి వాసన లేదని లోపలికి దిగకండి. అగ్గిపుల్ల గీసి చూడకండి, మీథేను పేలుతుంది. లోపల ఎవరైనా పడిపోతే వెంట దూకకండి. అలా దూకిన రెండో మనిషి కూడా ప్రాణం పోగొట్టుకుంటాడు. వెంటనే అగ్నిమాపక దళాన్ని పిలవండి.

రక్షణ సామగ్రి లేకుండా మనుషులను ఇలాంటి పనికి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు ఇచ్చే నష్టపరిహారాన్ని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు 10 లక్షల నుండి 30 లక్షల రూపాయలకు పెంచింది. ఈ సంగతి మీకు తెలిసిన పారిశుద్ధ్య కార్మికులకు చెప్పండి.

18.7 మీరు ఏమి నేర్చుకున్నారు?

• మూసిన తొట్టిలో మడ్డి కుళ్లి మీథేను ఇస్తుంది.
• భాస్వరం చాలావరకు, నత్రజని కొంతవరకు మడ్డిలో మిగులుతాయి.
• రోగకారకాలను వేడితో చంపవచ్చు. లోహాలను ముందే ఆపాలి.
• మురుగు గ్యాసు ఉన్న చోటికి మనిషి దిగకూడదు.

18.8 పాఠాంత ప్రశ్నలు

1. మడ్డిని పారబోయడానికీ, వాడుకోవడానికీ గల తేడాను ఐదు వాక్యాల్లో రాయండి.
2. మీ ఊరి మురుగు ఎక్కడికి పోతున్నదో పంచాయతీ లేదా మునిసిపల్ కార్యాలయంలో అడిగి తెలుసుకొని రాయండి.

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు 18.1
1. గ్యాసు తయారుచేసే సూక్ష్మజీవులు ఆక్సిజన్ లేనిచోటే పనిచేస్తాయి.
2. గ్యాసుగా పోయేది ముఖ్యంగా కర్బనం, పోషకాలు మిగులుతాయి.