పురుషుని రొమ్ములో చెమటగ్రంథి గడ్డ

ప్రశ్న: నా వయస్సు 52. ఎడమ చనుమొన క్రింద ఉసిరికాయంత గడ్డ యేర్పడినది, నొప్పి లేదు. సూది పరీక్షలో చెమటగ్రంథి గడ్డ కావచ్చుననియు, కేన్సరు కాదని రూఢిగా చెప్పజాలమనియు వ్రాసినారు. ఏమి చేయవలెను?

జవాబు: మీ ఆందోళన సహజమైనది. స్తనము స్వేదగ్రంథియొక్క రూపాంతరమేయని శరీరశాస్త్రము చెప్పుచున్నది గనుక, చర్మమందలి స్వేదగ్రంథినుండి పుట్టిన గడ్డయు, స్తననాళమునుండి పుట్టిన గడ్డయు సూక్ష్మదర్శిని క్రింద తోబుట్టువులవలె పోలియుండుటలో వింత లేదు. పురుషుల రొమ్ములో వాపునకు తరచైన కారణము గైనకోమాస్టియా, అనగా పురుషుల స్తనగ్రంథి పెరుగుట. స్తన కేన్సరులలో పురుషులకు వచ్చునవి నూటికి ఒకటి లోపే. హైడ్రడినోమా వంటి నిరపాయమైన స్వేదగ్రంథి కణితి మిక్కిలి అరుదు. అల్ట్రాసౌండులో అది స్పష్టమైన అంచులతో, కొంత ఘనముగను కొంత ద్రవముగను కనిపించును. కాని ద్రవకోశములో పెరుగు పాపిల్లరీ కార్సినోమా అను కేన్సరును అట్లే కనిపింపవచ్చును. సూదికి చిక్కిన కొలది కణములు, గడ్డ చుట్టుకణజాలములోనికి చొరబడినదో లేదో చూపజాలవు. కావున మీ వైద్యులు సందేహమును దాచక వ్రాయుట అసమర్థత కాదు, నిజాయితీయేయని నా నిశ్చితాభిప్రాయము.

గడ్డను చుట్టునున్న కొంత ఆరోగ్యకరమైన కణజాలముతో సమూలముగా తీయించి, మొత్తమును పరీక్షింపజేయవలెను. పీ63 వంటి ప్రత్యేక రంజనములు తోడ్పడును గాని, ఒంటరిగా తీర్పు చెప్పవు. శేషము మిగిలినచో గడ్డ మరల పెరుగవచ్చును. దయచేసి శస్త్రచికిత్సను వాయిదా వేయకుడు. స్లైడులను, నివేదికలను భద్రపరచుకొనుడు.