విజయపురి ఖాళీ అయింది, బయ్యారం చెరువు నిండుతోంది

హిస్టరీలో రాజ్యం వచ్చింది, పోయింది అని చదివేస్తాం. పోయాక, అది కట్టించినవాటిని ఎవరు చూసుకున్నారు? రెండు కట్టడాలు తీసుకుందాం. రెండింటినీ కట్టించింది రాజుల తోబుట్టువులే.

మొదటిది కృష్ణా లోయలో. శాతవాహనుల తర్వాత, 3వ శతాబ్దంలో ఇక్ష్వాకులు విజయపురి నుంచి ఏలారు. అదే నాగార్జునకొండ. మొదటి రాజు చాంతమూలుడి సోదరి చాంతిసిరి. రెండో రాజు వీరపురుషదత్తుడికి ఆమె మేనత్త, పిల్లనిచ్చిన అత్త కూడా. ఆయన ఏలుబడి 6వ ఏట ఆమె మహాచైత్యం పూర్తి చేయించింది. శాసన స్తంభాల మీద ఆమెతో పాటు ఇంకొందరు రాజకుటుంబ స్త్రీల పేర్లూ ఉన్నాయి. ఆ లోయలో 30కి పైగా బౌద్ధ విహారాలు బయటపడ్డాయి. భిక్షువులు పొలం దున్నరు కదా, తిండీ బట్టా దానంగానే రావాలి. వ్యాపారులూ ఇచ్చారు గానీ పెద్ద చెయ్యి రాజకుటుంబానిదే. నలుగురు రాజులు, సుమారు 100 ఏళ్లు, అంతే. 4వ శతాబ్దం మొదట్లో పల్లవులొచ్చారు, విజయపురి మళ్లీ ఎవరికీ రాజధాని కాలేదు. నా లెక్కలో అసలు దెబ్బ దానం ఆగిపోవడమే. మన క్లాస్ భాషలో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. 1926లో గానీ ఆ శిథిలాలు మళ్లీ వెలుగులోకి రాలేదు.

రెండోది మన మహబూబాబాద్ జిల్లాలోనే ఉంది, బయ్యారం పెద్దచెరువు. కాకతీయ గణపతిదేవుడి సోదరి మైలాంబ 13వ శతాబ్దంలో తవ్వించింది. అక్కడి శాసనంలో కాకతీయుల వంశవరస వెన్నరాజు నుంచి ఉంది. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సుల్తానుల చేతికి పోయింది. చెరువు పోలేదు.

ఎందుకంటే ఆ కాలపు చెరువుల పద్ధతే వేరు. కట్ట పోయడానికి రాజకుటుంబం డబ్బు కావచ్చు, ఆ తర్వాత ఖర్చంతా చెరువు కింద పండిన దాంట్లోంచే. చెరువు కట్టి చూసుకునేవాళ్లకు దశబంధ మాన్యం, తూము తీసి మూసే నీరడికి పంటలో మేర. ఓరుగల్లు నుంచి పైసా రానక్కర్లేదు. కట్ట తెగితే ముందు ఎండేది ఆ ఊరి పొలాలే, అందుకే ఊరే పరుగెత్తేది. బంగారు కాలం అని మాత్రం అనట్లేదు. చాలా ఊళ్లలో నీరడి పని తరతరాలు దళిత కుటుంబాల మీదే పడింది. వానల్లో అర్ధరాత్రి కట్ట మీద కాపలా వాళ్లది, ఎక్కువ పొలం వేరేవాళ్లది.

ఆ పద్ధతీ చివరికి సడలింది. బోర్లు వచ్చాక తూముతో పని తగ్గింది, చెరువుల్లో పూడిక పేరుకుంది. 2015లో మిషన్ కాకతీయ పేరుతో 46 వేలకు పైగా చెరువులు బాగుచేయాలని రాష్ట్ర ప్రభుత్వం దిగింది. పని మళ్లీ కేంద్రం చేతికే వెళ్లింది, అంటే హైదరాబాద్‌కి. తీసిన పూడిక మట్టిని మాత్రం రైతులే ట్రాక్టర్లు పెట్టుకొని పొలాలకు తోలుకుపోయారు.